ఫెలోషిప్ దరఖాస్తు పాఠాలు - 3: క్యాలెండర్ వెనక్కి తిప్పడం

స్థానిక సంస్థతో కలిసి ఒక సామాజిక సమస్య మీద పనిచేసే విద్యార్థులకిచ్చే ఫెలోషిప్‌ల గురించి ఈ పాఠాలు. కిందటి పాఠంలో మీరు ఏ సమస్య మీద పనిచేయాలనుకుంటున్నారో ఒక పేజీ రాశారు కదా, దాన్ని పక్కన పెట్టుకోండి. ఈసారి పని క్యాలెండర్‌తో.

దరఖాస్తు చివరి తేదీ చుట్టూ సున్నా చుట్టండి. అయితే మీ అసలు గడువు అంతకంటే ముందే ఉండొచ్చు. కొన్ని ఫెలోషిప్‌లకు విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టలేడు, కాలేజీయే పేరు పంపాలి. అమెరికాలో ప్రజాసేవలోకి వెళ్లాలనుకునే విద్యార్థులకిచ్చే ట్రూమన్ స్కాలర్‌షిప్ పద్ధతి ఇదే. సామాజిక సమస్యల మీద పనిచేసే విద్యార్థులకిచ్చే న్యూమన్ సివిక్ ఫెలోషిప్‌కైతే కాలేజీ అధిపతే (ప్రెసిడెంట్ లేదా ఛాన్సలర్) నామినేట్ చేయాలి. అలాంటప్పుడు కాలేజీలో జరిగే ఎంపిక తేదీ కనుక్కుని దాని చుట్టూ కూడా సున్నా చుట్టండి.

సిఫారసు లేఖలు కనీసం ఆరు వారాల ముందు అడగండి. మీరు చేసిన పని గురించి ఒక పేజీ రాసి, లేఖ రాసేవాళ్ల చేతికిస్తే చాలు.

ఇక అసలు విషయం, మీతో కలిసి పనిచేసే స్థానిక సంస్థ. ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గడువు రెండు వారాలుందనగా వెళ్లి "ఒక లెటర్ కావాలండీ" అంటారు. మొహమాటానికి వాళ్లూ రాసిస్తారు: "ఈ ప్రాజెక్టు మాకెంతో ఉపయోగకరం." దరఖాస్తు చదివి ఎంపిక చేసేవాళ్లకు అందులో ఏమీ దొరకదు.

ఇలాంటి లేఖ ఊహించండి: "పెద్ద తరగతుల పిల్లలు మా చదువు కేంద్రానికి రావడం మానేస్తున్నారు. ఈ అమ్మాయి మొదట లెక్కల క్లాసు పెడదామంది. తల్లులతో కూర్చుని మాట్లాడాక తెలిసింది, ఆ వేళకు పిల్లలు ఇంట్లో తమ్ముళ్లను చూసుకోవాలి. దాంతో క్లాసు సంగతి వదిలేసి, ముందు వేళలు మార్చాం." అమ్మాయి అనుకున్నది ఒకటి, అక్కడ తేలింది ఇంకొకటి. నాకు ఈ లేఖ ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే అది నెలల తరబడి వెళ్లి కూర్చుంటే తప్ప పుట్టదు. కాబట్టి సంస్థతో మొదటి మాట గడువుకు ఆరు నెలల ముందే పడాలి. ఫెలోషిప్ సంగతి ఆ రోజే చెప్పేయండి, దాచడం మర్యాద కాదు.

పరిశోధన కోసం ఇంటర్వ్యూలు చేయాలనుకుంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ (పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి కావాల్సి రావచ్చు. దానికి వారాలు పడుతుంది. పిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కూడా తీసుకోవాలి. ఇవన్నీ క్యాలెండర్‌లో రాసుకోండి.

ఈ వారం అభ్యాసం: సంస్థలో ఒకరికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. మీకు ఏ నెలల్లో ఊపిరి సలపదు? ఈ సమస్య మీద ఇదివరకు ఏం చేసి చూశారు? నేను వెళ్లిపోయాక ఈ పని ఎవరు చూసుకుంటారు? జవాబులను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మూడో ప్రశ్నకు వాళ్లు కాసేపు మౌనంగా ఉండిపోతే ఆ సంగతీ రాయండి. వచ్చే పాఠంలో బడ్జెట్ వేసేటప్పుడు అక్కడి నుంచే మొదలుపెడతాం.