మన వైజాగ్ ఫ్యామిలీ హోటళ్ళ కథ రికార్డ్ చేసి పెట్టడం ఎలా?

అల్లిపురంలో నేను చిన్నప్పట్నుంచి తిన్న ఇడ్లీ హోటల్ ఒకటి మూసేశారు, పెద్దాయన పోయారు, పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు, ఇప్పుడక్కడ మొబైల్ షాపు. నా దగ్గర ఆ హోటల్ ఫోటో ఒక్కటి కూడా లేదు, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధే. అందుకే ఇది రాస్తున్నా, మీ వీధిలో ఉన్నదైనా మిగలాలని.

ముందు ఒక్క హోటల్ చాలు. పేరున్నదే అవ్వక్కర్లేదు, మీరు రోజూ తినేదైతే మంచిది, మొహం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. టిఫిన్ సెంటరైతే పదకొండు దాటాక, మెస్ అయితే మూడున్నర తర్వాత వెళ్ళండి. మొదటిరోజు ఫోన్ తీయొద్దు. నేను వెళ్ళగానే తీశాను, కౌంటర్లో కూర్చున్న పిన్నిగారు "ఏటి బాబూ, ట్యాక్సోళ్ళ తాలూకా?" అని అడిగేశారు, ఇంక ఆ రోజు మాటలు సాగలేదు. ఎందుకు రాసుకుంటున్నారో, ఎక్కడ పెడతారో చెప్పి, సరే అన్నాకే మొదలుపెట్టండి.

"ఎప్పుడు పెట్టారు?" అంటే "చాన్నాళ్ళయింది" అనే వస్తుంది. అందుకని అందరికీ గుర్తున్న వాటితో అడగాలి, హుద్‌హుద్‌కి (2014 అక్టోబర్ 12 తుఫాను) ముందా తర్వాతా, స్టీల్ ప్లాంట్ శంకుస్థాపన (1971) నాటికి ఉందా, పెద్దమ్మాయి పుట్టిందా అప్పటికి, ఇలా. తర్వాత పాత కరెంటు బిల్లో ట్రేడ్ లైసెన్సో ఉంటే దాంతో సరిచూసుకోండి.

అసలు విషయం వాళ్ళ సొంతూరు. మనవాళ్ళు హోటల్ గురించి రాస్తే సాంబార్ ఎలా ఉంది, చట్నీ ఎలా ఉంది అని రాసి ఆపేస్తారు, నాకైతే ఆ రుచి వెనకాల ఉన్న ఊరే ముఖ్యం అనిపిస్తుంది. ఇక్కడికి మొదట ఎవరొచ్చారు, వచ్చి ఎవరింట్లో దిగారు, వంట మాస్టరు ఏ ఊరు, బెల్లం అనకాపల్లి మార్కెట్ నుంచి తెస్తారా లేక ఊళ్ళో తెలిసినవాళ్ళు పంపిస్తారా, ఏ పండక్కి షట్టర్ దించేస్తారు, ఇవన్నీ అడగండి. విజయనగరం వాళ్ళయితే పైడితల్లమ్మ సిరిమానోత్సవం సంగతి తప్పకుండా అడగాలి, దసరా తర్వాత మంగళవారం వస్తుంది కదా. నేను కూర్చున్న మెస్‌లో మాస్టరు, కూరలు తరిగే అక్క, ప్లేట్లు తీసే కుర్రాడు, ముగ్గురూ ఒకే వీధివాళ్ళు. మేం మాట్లాడుతుండగానే ఊరినుంచి ఫోనొచ్చింది, ఎవరినో ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో జాయిన్ చేశారంట, ఓనరుగారు ఇంకేం అడక్కుండా స్టీలు క్యారేజీ దించి చారన్నం సర్దించేశారు. ఊరినుంచి ఎవరు ఆసుపత్రికొచ్చినా క్యారేజీ ఇక్కడినుంచే వెళ్తుందంట, డబ్బులు తీసుకోరు. ఇలాంటిది మెనూ కార్డులో దొరకదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

ఊరి పేరు రాసేటప్పుడు మండలం కూడా రాయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కాబట్టి పాలకొండ వాళ్ళు మాది శ్రీకాకుళం అన్నా కాగితం మీద అది పార్వతీపురం మన్యం, రెండూ రాస్తే తర్వాత చదివేవాళ్ళకి తికమక ఉండదు.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు, కానీ గ్రైండర్‌కీ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కీ దూరంగా, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి, లేకపోతే గరగర తప్ప ఏం వినపడదు. మొదట్లోనే తేదీ, చోటు, మాట్లాడేవాళ్ళ పేరు చెప్పించండి. గోడమీద దండేసిన పెద్దల ఫోటోని ఫ్లాష్ ఆపేసి కొంచెం పక్కనుంచి తీస్తే అద్దం మెరవదు. వంట కొలతలు వాళ్ళు గిద్ద, సోల, తవ్వ అని చెప్తే అలాగే రాసుకుని, వీలైతే వాళ్ళ గిన్నెతోనే ఒకసారి కాటా మీద తూచండి. చెప్పం అన్న మసాలా గురించి మళ్ళీ అడగొద్దు, అది వాళ్ళ బతుకుతెరువు.

ఫైళ్ళు గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో వాళ్ళింటికి ఒక కాపీ. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా సరిదిద్దగలిగే ఉచిత మ్యాప్) హోటల్ పేరు తెలుగులో చేర్చొచ్చు. వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా ఫోటోలు ఉండే చోటు) ఫోటో పెడితే దాన్ని ఎవరైనా, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, ఈ మాట ముందే వివరంగా చెప్పి ఒప్పుకుంటేనే పెట్టండి.

చివరగా ఫోటోలు ప్రింట్ తీయించి పట్టుకెళ్ళండి. నేను ఇచ్చినప్పుడు పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి "ఈయన మా మావగారు కాదు బాబూ, ఆయన తమ్ముడు, పొయ్యి మొదట ముట్టించింది ఈయనే" అన్నారు, నేనేమో అప్పటిదాకా తప్పు పేరు రాసుకున్నా. వెంటనే ఆ ప్రింట్ వెనకాల పెన్సిల్‌తో సరైన పేరు ఆవిడచేతే రాయించా.