గిటార్ పికప్‌లు కొనే ముందు జాగ్రత్తలు

ముందుగా గిటార్‌లో పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) కూర్చునే గుంతను కొలవండి, లోతుతో సహా. సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న పికప్) ఉన్నచోట పూర్తి వెడల్పు హంబకర్ (హమ్ శబ్దాన్ని తగ్గించే రెండు చుట్టల పికప్) పట్టదు, చెక్క తొలచాల్సి వస్తుంది. తొలచిన చెక్క తిరిగి రాదు. హంబకర్ ధ్వనే కావాలంటే సింగిల్ కాయిల్ కొలతలో చేసిన హంబకర్లు ఉన్నాయి, వాటిని చూడండి.

బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గర మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం చూడండి. హంబకర్లు సుమారు 50, 53 మిల్లీమీటర్ల అమరికల్లో దొరుకుతాయి. తీగలు అయస్కాంత ధ్రువాల మీదుగా వెళ్లాలి.

యాక్టివ్ పికప్‌లకు (లోపలే చిన్న యాంప్లిఫయర్ ఉన్నవి) సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీ కావాలి. దానికి లోపల చోటుందా? పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే నియంత్రణలు) కూడా మార్చాలి: యాక్టివ్‌కు ఎక్కువగా 25 కిలోఓమ్‌లు, సింగిల్ కాయిల్‌కు 250, హంబకర్‌కు 500. ఈ ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు.

పికప్ రెసిస్టెన్స్ (చుట్ట విద్యుత్ నిరోధం) అంకె చూసి మోసపోకండి. చుట్టలోని వైరు మందం, అయస్కాంతం మారితే అదే అంకెకు ధ్వని వేరుగా ఉంటుంది.

నెక్ పికప్‌ను (గిటార్ మెడ వైపు కోసం చేసినది) బ్రిడ్జి దగ్గర పెట్టకండి. అక్కడ తీగ కదలిక తక్కువ కాబట్టి శబ్దం బలహీనంగా వస్తుంది.

ఒక్క పికప్‌నే మారుస్తుంటే ఫేజ్ (రెండు పికప్‌ల సంకేతాలు ఒకే దిశలో కదులుతున్నాయా అన్నది) సరిచూడండి. పాతదానితో కలవకపోతే రెండూ మోగేటప్పుడు ధ్వని పలచబడుతుంది. నాలుగు వైర్ల హంబకర్ అయితే సరిదిద్దడం తేలిక.

అసలు కొనే ముందు ఒక సాయంత్రం ఉన్న పికప్ ఎత్తు మార్చి వినండి. మరలు కాస్త తిప్పితేనే బురదగా ఉన్న ధ్వని తేటపడడం నేను చాలాసార్లు విన్నాను.