తేలికపాటి విమానం, 6వ పాఠం: చక్రాలు లేచాక అసలు సంగతి

పోయిన పాఠంలో ఇచ్చిన నెల్లూరు లెక్కకు చాలామంది 60 అడుగులని రాసి పంపారు. అది ఊరి ఎత్తు. నేనడిగింది వేరు: రోహిణి కార్తె మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండకు అక్కడి గాలి ఎంత ఎత్తులో ఉండే గాలిలా పలచబడిందని. కాబట్టి టేకాఫ్ టేబుళ్లు వచ్చేవారం చూద్దాం, ముందు ఇది తేలాలి.

క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి ఒత్తిడి, 1003 హెక్టోపాస్కళ్లు. ప్రామాణిక ఒత్తిడి 1013 కంటే 10 తక్కువ. ఒక్కోదానికి 30 అడుగులు, మొత్తం 300. ఒత్తిడి తగ్గితే కలపాలి, తీసెయ్యకూడదు. ఊరి 60తో కలిపి ప్రెషర్ ఆల్టిట్యూడ్ (ఒత్తిడిని బట్టి వచ్చే ఎత్తు) 360. ప్రామాణిక వేడి సముద్రమట్టంలో 15 డిగ్రీలు, ఆ ఎత్తులో ఉండాల్సింది 14, ఉన్నది 44. తేడా 30. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,600. డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే నేనడిగిన ఎత్తు, 3,960 అడుగులు. నేనైతే 120తో హెచ్చవేయను. 100తో వేసి, అందులో ఐదో వంతు కలిపేస్తాను. మన తీరం ఉక్కపోత ఈ లెక్కలో లేదు, అది ఇంకాస్త పెంచుతుంది.

అంటే నెల్లూరులోనే ఉన్నా ఇంజనుకు బెంగళూరు కంటే పైన ఉన్నట్టే. టర్బో లేని ఇంజను వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. ప్రొపెల్లర్ లాగడమూ తగ్గుతుంది. మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు), ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) గురించి విమానం హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, చదువుకోండి.

ఇక నాకు విసుగు తెప్పించే ప్రశ్న: "చక్రాలు లేచాయి కదా సార్, ఇంకేంటి?"

చక్రాలు లేస్తే విమానం ఎక్కుతుందని కాదు. పలచటి గాలిలో వేగం మీటర్ 55 నాట్లు చూపిస్తుంటే అసలు వేగం 58 దాకా ఉంటుంది. నేల గబగబా వెనక్కి పోతుంటే చాలినంత వేగం వచ్చేసిందనిపించి, మీటర్ చూడకుండా ముందే ముక్కు ఎత్తేస్తారు. విమానం లేస్తుంది కూడా. ఎందుకంటే నేలకు రెక్కల పొడవంత ఎత్తు లోపల గ్రౌండ్ ఎఫెక్ట్ (నేల దగ్గరగా ఉన్న ప్రభావం) వల్ల డ్రాగ్, అంటే విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం, తక్కువ. సెస్నా 172 అనే చిన్న విమానానికి అది 36 అడుగులు. దాన్ని దాటబోతుంటే డ్రాగ్ తిరిగొస్తుంది, ఇంజన్లో మిగులు శక్తి లేదు. ఎదురుగా చెట్లు. టెన్షన్‌లో ముక్కు ఇంకా ఎత్తుతారు, వేగం ఇంకా పడిపోతుంది, విమానం కుంగుతుంది, లేదా స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు ఇక మోయలేవు. ఈ ప్రమాదాల్లో చాలావాటిలో ఇంజను బాగానే ఉంటుంది.

చేయాల్సింది ఇది. మీటర్‌లో ఎప్పటి అంకెకే లేపండి. లేచాక ముక్కు కాస్త దించి, నేలకు దగ్గరగానే క్లైంబ్ వేగం తెచ్చుకుని, అప్పుడు ఎక్కండి. సగం రన్‌వే అయ్యేసరికి లేచే వేగంలో 70 శాతం రాలేదా, థ్రాటిల్ మూసి బ్రేక్ వేయండి. 55కి అది 39 నాట్లు. సగం రన్‌వే ఎక్కడో తెలిపే గుర్తు రన్‌వే పక్కన ముందే చూసిపెట్టుకోవాలి.

అభ్యాసం: ఎత్తు 3,000 అడుగులు, క్యూఎన్‌హెచ్ 1010, వేడి 34 డిగ్రీలు. అక్కడ ప్రామాణిక వేడి 15 కాదు, వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున తగ్గించండి. కాగితం లేకుండా చేయాలి. తర్వాత వారం రోజులు మీ ఊళ్లో ఉదయం 6కి, మధ్యాహ్నం 2కి ఇదే లెక్క కట్టి, పద్నాలుగు జవాబులూ పట్టిక వేసి పంపండి.