విదేశీ చదువుకు బడ్జెట్: నెలలవారీ పట్టీ వేసుకునే పద్ధతి

ఫీజు, అద్దె, తిండి కూడి ఏడాదికి ఇంత అని తేల్చుకుంటే బడ్జెట్ అయిపోయినట్టు కాదు. మొత్తం సరిగ్గా లెక్కేసినవాళ్లకీ రెండో నెలకే చేతిలో డబ్బు ఆడదు. ఖర్చులో పెద్ద వాటా బయల్దేరే ముందు, దిగిన తొలి నెలలో ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకే ఎక్సెల్ షీట్‌లో అడ్డ వరసల్లో ఖర్చులు, నిలువు వరసల్లో నెలలు పెట్టండి. మొదటి నెల ప్రయాణానికి ఆరు నెలల ముందుదై ఉండాలి.

ముందుగా తిరిగిరాని డబ్బు రాయండి: భాషా పరీక్ష, అప్లికేషన్ ఫీజులు, వీసా. అమెరికా విద్యార్థి వీసా ఎఫ్-1కి వీసా ఫీజు కాక, విదేశీ విద్యార్థుల వివరాల నమోదు వ్యవస్థ సెవిస్‌కు ఐ-901 ఫీజు కింద 350 డాలర్లు కట్టాలి. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో కట్టే హెల్త్ సర్‌చార్జి విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు. వీసా కాలం మొత్తానికీ దరఖాస్తుతోపాటే కట్టాలి; 16 నెలల వీసాకు ఏడాదిన్నర లెక్కన 1,164 అవుతుంది. పట్టీల్లో ఎక్కువగా మరిచిపోయేది ఇదే. ఇలాంటి రేట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి కట్టేముందు ప్రభుత్వ సైట్‌లో సరిచూసుకోండి.

తర్వాత, ఉన్నా వాడుకోలేని డబ్బు. జర్మనీ వీసాకు ఖర్చుల డబ్బు ముందే వేసి చూపే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసినా నెలకు 992 మాత్రమే చేతికొస్తుంది. అక్కడ ఇంటి డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, అదీ హీటింగ్ వగైరా కలపని అద్దె మీద. 992లోంచి అది తేలదు, విడిగా పెట్టుకోవాలి. డిపాజిట్‌ను మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది, మొహమాటపడకుండా అడగండి. బ్రిటన్ వీసాకు చూపే నిల్వ వరసగా 28 రోజులు ఉండాలి. ఒక్కరోజు తగ్గినా దరఖాస్తు తిరస్కరించొచ్చు. అందుకే ఆ రోజుల్లో విమానం టికెట్ ఆ ఖాతాలోంచి కొనకండి.

మారకం రేటుకు గూగుల్‌లో కనిపించే అంకె పనికిరాదు. బ్యాంకు అమ్మే రేటు తీసుకుని, దానిపై 5 శాతం కలపండి. 20,000 డాలర్ల ఫీజుకు అదొక్కటే 1,000 డాలర్ల తేడా. విదేశీ బ్యాంకుకు ఫీజును స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య అంతర్జాతీయ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా పంపేటప్పుడు చార్జీలన్నీ పంపేవారివే అనే 'అవర్' ఆప్షన్ ఎంచుకోండి. లేదంటే మధ్య బ్యాంకులు కొంత కోసుకుంటాయి. ఆ కాస్త తక్కువైనందుకే రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు.

పార్ట్‌టైమ్ జీతం తొలి నాలుగు నెలలూ సున్నా అని రాయండి. ఉద్యోగం దొరకాలి, బ్యాంకు ఖాతా, పన్ను నంబరు రావాలి, ఆపైన జీతం నెలాఖరుకు. ఎఫ్-1 వాళ్లకు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలే. ఈ ఆదాయంతో ఫీజు కడదామనుకుంటే ఆ పట్టీ చించేయడం మేలు. తిండి, ఫోన్ ఖర్చు వరకే దానికి తగిలించండి.

రెండో ఏడాది నెలల వరసలు ఇప్పుడే తెరిచిపెట్టండి. ఫీజు పెరగొచ్చు. జర్మనీలాంటి చోట్ల నివాస పర్మిట్ పొడిగింపుకు నిల్వ మళ్లీ చూపాలి. ఆ డబ్బు ఎవరు, ఏ నెలలో పంపుతారో ఆ గడిలో పేరుతో సహా రాసుకోండి.