'హిస్టరీ' పాత ఎల్పీని ఎంచుకుని, శుభ్రం చేసుకునే పద్ధతి

అమెరికా అనే బృందం 1975లో వెలువరించిన 'హిస్టరీ: అమెరికాస్ గ్రేటెస్ట్ హిట్స్' ఎల్పీని (లాంగ్ ప్లే గ్రామఫోను రికార్డును) సెకండ్ హ్యాండ్‌లో కొనదలచినవారు దానిని హార్డ్ రాక్ రికార్డుకంటె కఠినంగా పరీక్షించాలి. డ్రమ్ముల హోరులో కలిసిపోయే చిటపటలు, అకూస్టిక్ గిటార్లూ మూడు గొంతులూ నెమ్మదిగా సాగే ఇటువంటి పాటలలో ఒక్కొక్కటిగా వినిపిస్తాయి.

హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదనో, గురువారం జుమ్మేరాత్ బజారులోనో రికార్డు చేతికందితే, అక్కడ వాయించి చూసే వీలు సాధారణంగా ఉండదు కనుక కంటినే నమ్ముకోవాలి. అంచులు పట్టుకుని, వెలుతురు ఏటవాలుగా పడేటట్లు తిప్పుతూ చూడండి. వెంట్రుకవంటి సన్నగీతలు ఫరవాలేదు. గాడులకు, అంటే సూది నడిచే సన్నని చాళ్ళకు, అడ్డంగా పడి, గోటికి తగిలే గీత ఉంటే మాత్రం బేరమాడవద్దు. హిట్ పాటల సంకలనాలలో మరొక చిక్కు ఉంది: పాత యజమాని రికార్డంతా వినకుండా ఇష్టమైన పాట మీదనే మళ్ళీమళ్ళీ సూది దించి ఉంటాడు. అందుచేత 1972లో అమెరికా దేశపు చార్టులలో మొదటి స్థానం పొందిన 'ఎ హార్స్ విత్ నో నేమ్' ఉన్న మొదటి పట్టీనీ, 1975లో అదే స్థానానికి చేరిన 'సిస్టర్ గోల్డెన్ హెయిర్' ఉన్న చోటునూ ప్రత్యేకంగా పరిశీలించాలి. మిగతా భాగం నల్లగా మెరుస్తూ ఆ పట్టీలు మాత్రం బూడిదరంగుకు తిరిగి ఉంటే గాడులు అరిగిపోయాయని అర్థం. అది కడిగితే పోయేది కాదు.

దుమ్ము మాత్రం కడిగితే పోతుంది. అయితే మన బోరు నీటితో కడగకూడదు. ఆ తప్పు నేను చేశాను, ఆరిన తరువాత గాడులలో తెల్లని ఉప్పు మిగిలింది. డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడవాలి, లేబుల్ తడవకూడదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే తాతలనాటి లక్క రికార్డులకు ఈ మిశ్రమం తగదు, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

మొదటిసారి వినేటప్పుడు పన్నెండు పాటలనూ వరుసగా వినండి. ఈ బృందపు 'హాలిడే', 'హార్ట్స్' ఆల్బమ్‌లను నిర్మించిన జార్జ్ మార్టిన్, అంతకు ముందరి మూడు ఆల్బమ్‌లలోని ఏడు పాటలను ఈ సంకలనం కోసం కొత్తగా మిక్స్ చేశాడు. పాత ఆల్బమ్‌లు విన్నవారికి వాద్యాల పాళ్ళలో తేడా తోస్తే అది మీ ప్లేయర్ లోపం కాదు.

విన్న తరువాత రికార్డును పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టాలి. ఎండాకాలంలో పడమటి గోడకు ఆనించినా, ఆగి ఉన్న కారులో వదిలినా అది వంకర తిరుగుతుంది.