తీర గ్రామాల పాత ఎఫ్‌ఎంబీ రోవర్ కొలతతో కలవకపోతే: సమస్య - పరిష్కారం

రోవర్‌ను (ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే పరికరాన్ని) రాయి మీద నిలిపి ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వంతో స్థానం) వచ్చేదాకా ఆగడం, ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబరు వారీ కొలతల పటాల పుస్తకంలో) జీ లైనును (పొలానికి అడ్డంగా రాళ్లను కలిపే ఆధార గీతను), లాడర్‌ను (ఆ గీత వెంబడి దూరాల పట్టికను), ఆఫ్‌సెట్లను (గీత నుంచి పక్కకు కొలిచిన దూరాలను) చదవడం వచ్చినవారి కోసం ఇది రాస్తున్నాను. పని మొదలుపెట్టకముందే, కదలలేదని నమ్మకమున్న రెండు సర్వే రాళ్ల మధ్య దూరాన్ని ఉక్కు టేపుతో కొలిచి ఎఫ్‌ఎంబీలోని అంకెతో సరిచూడండి. దీనికి అరగంట చాలు. ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా నేను రెండోసారి కొలవవలసి వచ్చిన చోట్ల చాలావరకు ఆ అరగంటే ఎవరూ పెట్టలేదు.

గ్రామం మొత్తం ఒకే దిక్కుకు జరిగినట్టు కనిపిస్తే

పాత అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ దీర్ఘగోళం (భూమి ఆకారానికి లెక్కల కోసం తీసుకున్న పాత నమూనా) మీద లెక్కకట్టినవి. ఉపగ్రహ పరికరం ఇచ్చేవి డబ్ల్యూజీఎస్ 84 అనే మరో నమూనా మీదివి. రెంటినీ నేరుగా కలిపితే మన ప్రాంతంలో తేడా వందల అడుగులుంటుంది. అంత పెద్ద తప్పు ఎవరి కంటికైనా ఆనుతుంది కనుక దీనితో పెద్ద ప్రమాదం లేదు. ప్రాజెక్టు డేటం (ఏ నమూనా మీద లెక్కకట్టాలో చెప్పే అమరిక) సరిచేసి, తెలిసిన బిందువు మీద ఒకసారి పరీక్షించుకుంటే చాలు. అలాగే మైపాడు ఒడ్డున ఎత్తు మైనస్ 80 మీటర్ల దరిదాపుల్లో చూపితే పరికరాన్ని అనుమానించకండి. అది దీర్ఘగోళం నుంచి లెక్కించిన ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు.

ఒక రాయి దగ్గర సరిపోయి, దూరం పోయేకొద్దీ తేడా పెరుగుతూ ఉంటే

నన్ను దెబ్బతీసింది ఇదే. ఒక గ్రామంలో ట్రైజంక్షన్ రాయి (మూడు హద్దులు కలిసేచోట పాతిన రాయి) దగ్గర పటం సెంటీమీటర్లలో కలిసింది. అక్కడి నుంచి 1240 లింకుల అవతల ఉన్న రాయి మాత్రం పటం చెప్పినదానికన్నా 1.45 మీటర్లు దూరంగా దొరికింది. ఆ పక్కన రొయ్యల చెరువు ఉంది. చెరువు కట్ట వేసినప్పుడు రాయిని జరిపి ఉంటారని నిర్ణయించుకుని, ఆక్రమణ అని నివేదికలో రాసేశాను. ఆ రైతు నన్ను తిట్టలేదు. తన రాయి తాతల నాటి నుంచి అక్కడే ఉందని మాత్రం అన్నాడు. అతను చెప్పిందే నిజం.

తప్పు లింకులో ఉంది. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 20.1168 సెంటీమీటర్లు. మెట్రిక్ గొలుసులో లింకు సరిగ్గా 20 సెంటీమీటర్లు. షీటు మీద కనిపించేది ఒట్టి అంకె. పాత షీటు గంటర్ లింకుల్లో ఉండి, తరువాత సబ్ డివిజన్ చేసినప్పుడు వేసిన షీటు మెట్రిక్ లింకుల్లో ఉంటే, రెంటినీ ఒకే గుణకంతో (లింకులను మీటర్లుగా మార్చే అంకెతో) కంప్యూటరుకు ఎక్కించినవారికి అనుమానమే రాదు. 1240 లింకులు ఒక లెక్కలో 249.45 మీటర్లు, మరో లెక్కలో 248. విస్తీర్ణంలో ఈ తేడా ఎకరాకు సెంటుకు పైగా వస్తుంది, కాబట్టి 2 ఎకరాల 40 సెంట్ల పొలం 2.37గా తేలి, మూడు సెంట్లు ఎవరో మింగారన్న గొడవ మొదలవుతుంది.

ఇది దాక్కునే తీరు ఇంకా మోసకరం. పటాన్ని రాళ్లకు అతికించేటప్పుడు, అంటే కొలిచిన రాళ్ల స్థానాలకు సరిపెట్టేటప్పుడు, సాఫ్ట్‌వేర్‌కు స్కేలు మార్చే స్వేచ్ఛ ఇస్తే, అది తప్పునంతా స్కేలులోకి లాగేసుకుని, మిగులు తేడాలను (అతికించాక కూడా రాళ్ల దగ్గర మిగిలేవాటిని) చాలా అందంగా చూపిస్తుంది. రెండు రాళ్లతోనే అతికిస్తే మిగులు సున్నాయే. కనుక మిగులు తేడాలకన్నా ముందు స్కేలు అంకె చూడండి. 1.0058 దగ్గర ఉంటే గంటర్ షీటును 0.2తో గుణించారు, 0.9942 దగ్గర ఉంటే మెట్రిక్ షీటును 0.201168తో గుణించారు.

పొలానికి పోకుండానే తేల్చుకునే దారి కూడా ఉంది. లాడర్ అంకెలతో విస్తీర్ణాన్ని చదరపు లింకుల్లో కట్టి 1000తో భాగించండి. వచ్చినది రిజిస్టరులోని సెంట్లతో సరిపోతే ఆ షీటు గంటర్‌ది; నూటికి ఒకటికి కాస్త పైగా ఎక్కువ వస్తే మెట్రిక్. ఇందుకు మూడు నాలుగు ఎకరాల సర్వే నంబరును తీసుకోండి, ఎందుకంటే చిన్న ముక్కలో ఈ తేడా సెంట్ల సవరింపులో కలిసిపోతుంది. తేలాక షీటు వారీగా గుణకం వేసి, స్కేలును 1 దగ్గర బిగించి, కనీసం నాలుగు రాళ్లతో మళ్లీ అతికించండి. స్కాన్ చేసిన బొమ్మ మీద గీతలు గీయకుండా అంకెల నుంచే పటం కట్టండి. కాగితం నిలువుకూ అడ్డానికీ ఒకేలా కుదించుకుపోదు.

సముద్రం వైపు హద్దు మాత్రమే కలవకపోతే

తప్పు మీది కాదు, ఒడ్డుదే. అలల అంచును గానీ, పెన్నా, గుండ్లకమ్మ ముఖద్వారాల ఇసుక తిన్నెలను గానీ ఆధారంగా పట్టుకుని పటాన్ని జరపకండి. లోపలి రాళ్లతో అతికించి, పాత గీతను పాత గీతగానే ఉంచి, నేటి ఒడ్డును వేరే పొరలో చూపండి.

సరుగుడు తోటల్లో ఫిక్స్ ఊడిపోవడం, సూర్యాస్తమయం తరువాత ఉపగ్రహ సంకేతాలు రెపరెపలాడడం అరుదుగా అడ్డుపడతాయి. మొదటిదానికి తోట బయట రెండు బిందువులు పెట్టి టోటల్ స్టేషన్‌తో (ఉపగ్రహాలు అక్కరలేకుండా కోణాలను, దూరాలను కొలిచే పరికరంతో) లోపలికి కొలవండి, రెండోదానికి మరునాడు ఉదయం రండి. యూటీఎం గ్రిడ్ (గుండ్రటి భూమిని చదును పటంగా మార్చే పద్ధతి) దూరానికీ నేల దూరానికీ ఉండే తేడా ఇక్కడ 100 మీటర్లకు మూడు సెంటీమీటర్ల లోపే కాబట్టి, మీటరు తేడాకు దాన్ని కారణంగా చూపితే నేను ఒప్పుకోను.