హెన్రీ పార్క్స్ మీద స్కూల్ ప్రాజెక్టా? ఉపన్యాసం పక్కన పెట్టి అప్పులతో మొదలుపెట్టండి

సిడ్నీలో పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి ఫెడరేషన్ పాఠం, అంటే విడివిడి కాలనీలు కలిసి ఆస్ట్రేలియా అనే ఒకే దేశమైన కథ, వస్తుంది, దాని వెనకాలే సర్ హెన్రీ పార్క్స్ జీవితం మీద ప్రాజెక్టూ వస్తుంది. టంగుటూరి ప్రకాశం గారి గురించైతే నిద్రలో లేపి అడిగినా నాలుగు ముక్కలు చెబుతాం గానీ ఈయన మనకి బొత్తిగా కొత్త. మా వాడి చేత నేను ధీమాగా "ఆస్ట్రేలియా మొదటి ప్రధాని" అని రాయించేశాను, చార్టంతా అంటించాక తెలిసింది తప్పని. మొదటి ప్రధాని ఎడ్మండ్ బార్టన్, 1901లో. పార్క్స్ అప్పటికి ఐదేళ్ల ముందే, 1896లో పోయాడు.

అందుకని మొదట ఇది సరిచూసుకోండి. 1901 జనవరి 1 దాకా ఆస్ట్రేలియా ఒక దేశం కాదు, ఆరు కాలనీలు. ఎవరి పార్లమెంటు వాళ్లది, ఎవరి సుంకాలు వాళ్లవి. పార్క్స్ అందులో న్యూ సౌత్ వేల్స్‌కి 1872 నుంచి 1891 లోపు ఐదుసార్లు ప్రీమియర్, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి లాంటి పదవి.

తర్వాత ఆస్ట్రేలియన్ డిక్షనరీ ఆఫ్ బయోగ్రఫీ తెరవండి, ఆన్‌లైన్‌లో ఉచితం. ఆయన వ్యాసం చాలా పెద్దది, అంతా చదవక్కర్లేదు, తేదీలు మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని నేషనల్ లైబ్రరీ వాళ్ల ట్రోవ్ అనే సైటులోకి వెళ్లండి, అప్పటి పేపర్లు బోలెడు స్కాన్ చేసి పెట్టారు. ఊరికే "పార్క్స్" అని కొడితే మునిగిపోతారు, ఎందుకంటే 1873లో ఒక ఊరికే ఆయన పేరు పెట్టేశారు, ఆ ఊళ్లో గొర్రెల ధరలు కూడా మీ స్క్రీన్ మీదకొస్తాయి. సంవత్సరం, పేపరు పేరు రెండూ ఫిల్టర్ పెట్టి వెతకండి. 1877లో సర్ బిరుదు వచ్చింది కాబట్టి అంతకుముందు వాటికి "మిస్టర్ పార్క్స్" అని, తర్వాత వాటికి "సర్ హెన్రీ" అని కొట్టాలి. కంప్యూటర్ చదివిన అక్షరాల్లో తప్పులుంటాయి, పక్కనే బొమ్మలో అసలు పేజీ చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ కాలనీలన్నీ కలవాలని ఆయన టెంటర్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఇచ్చిన ఉపన్యాసంతో మొదలుపెడతారు. నా మాట విని అప్పులతో మొదలుపెట్టండి, మనిషి అప్పుడే అర్థమవుతాడు. ఇంగ్లండ్‌లో దంతపు సామాను చెక్కే పని నేర్చుకున్నాడు, అక్కడ బతుకు సాగక 1839లో భార్య క్లారిండాతో ఓడెక్కాడు, ఓడ సిడ్నీ చేరేలోపే సముద్రం మీద కూతురు పుట్టింది. దిగాక పెన్రిత్ దగ్గర ఒక పెద్ద ఎస్టేటులో కూలి పని. తర్వాత కస్టమ్స్‌లో చిన్న ఉద్యోగం, ఒక దుకాణం, 1850 చివర్లో 'ఎంపైర్' అనే పేపరు. ఆ పేపరు ముంచేసింది, 1858లో దివాలా తీసి కాలనీ పార్లమెంటులో తన సీటు వదులుకున్నాడు, అప్పు దాదాపు 50,000 పౌండ్లు. 1870లో మళ్లీ దివాలా, మళ్లీ రాజీనామా. 1872లో ప్రీమియర్! ఇది ఎలా సాధ్యం అని మీ పిల్లాడు అడిగితే ప్రాజెక్టు దారిలో పడ్డట్టే. ఇంకో ముక్క కూడా చెప్పండి, ఆ కాలనీలో సభ్యులకి జీతమే లేదు, 1889లో గానీ ఏడాదికి 300 పౌండ్లు ఇవ్వలేదు. ఆస్తిపరులకి అదేం లెక్క కాదు, కూలి పని నుంచి వచ్చినవాడికి లెక్కే.

ఆయన తెచ్చిన చదువుల చట్టాలు (1866, 1880) రెండు వాక్యాల్లో ముగించండి.

ఉపన్యాసం 1889 అక్టోబర్ 24న, టెంటర్‌ఫీల్డ్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో. క్వీన్స్‌లాండ్ కాలనీ రాజధాని బ్రిస్బేన్ నుంచి తిరిగొస్తూ అక్కడ ఆగాడు. సరిహద్దు దగ్గర వాలంగారాలో రైలు మారాలి, క్వీన్స్‌లాండ్ పట్టాల వెడల్పు మూడున్నర అడుగులు, న్యూ సౌత్ వేల్స్‌వి నాలుగు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. గుంటూరు, గుంతకల్లు లైన్లో మీటర్ గేజ్ రోజులు చూసినవాళ్లకి ఆ సామాన్ల తిప్పలు వేరే చెప్పాలా. చార్టు మీద ఆ రెండు వెడల్పులూ స్కేలు పెట్టి గీయించండి, ఆరు కాలనీలకీ కలిపి ఒకే పార్లమెంటు కావాలని ఆయన ఎందుకన్నాడో పేరా కంటే అదే బాగా చెబుతుంది. కాలనీలన్నిటికీ కలిపి సైన్యం ఉండాలన్నది ఇంకో కారణం.

ఒకటి మాత్రం దాచకండి. 1888లో 'అఫ్ఘాన్' అనే ఓడలో వచ్చిన చైనా వాళ్లని సిడ్నీలో దిగనివ్వలేదు, అదే ఏడాది చైనా నుంచి వచ్చే ఒక్కొక్కరి మీదా 100 పౌండ్ల పన్ను వేశారు. ఆ ప్రభుత్వం ఈయనదే. తనూ ఓడ దిగి వచ్చినవాడే. మనం కూడా వీసాల మీద వచ్చినవాళ్లమే కదా, ఆ పేరా మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

ఆదివారం ఖాళీ ఉంటే బ్లూ మౌంటెన్స్ రైలెక్కండి. ఆయన కూలి చేసిన పెన్రిత్ దాటి ఫాల్కన్‌బ్రిడ్జ్‌లో దిగితే అక్కడ సమాధి ఉంది, ఆ ఊరి పేరు ఆయన తల్లి పుట్టింటి పేరు. దగ్గర్లోనే ఒక పార్కులో ఆస్ట్రేలియా ప్రధానుల పేరున వరసగా ఓక్ చెట్లున్నాయి. ఫొటో తీసుకోండి, కింద మాత్రం "మొదటి ప్రధాని" అని రాయకండి.